రెండు మూరలు తక్కువ

ఆ వేసవిలో మా పార్కుకి వచ్చేవాళ్ళందరికీ తాము కిందటేటికన్నా చురుగ్గా ఉన్నామని ఒక నమ్మకం పుట్టుకొచ్చింది. తెల్లవారేసరికి మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, గడియారం చూసుకుంటూ పది చుట్లు నడిచి వెళ్ళే రిటైర్డ్ లెక్చరర్ గారికైతే మోకాళ్ళు మళ్ళీ చిగురు వేశాయన్నంత ధీమా. "యాభై నిమిషాల నడక తల్లీ, నలభై తొమ్మిదికే అయిపోతోంది. మందు మార్చలేదు, తిండి మార్చలేదు. ఏమిటంటావ్?" అని కుళాయి దగ్గర నన్ను నిలబెట్టి మరీ అడిగేవారు. నేనేమంటాను? "మీ పట్టుదలండీ" అనేదాన్ని. ఆయన మురిసిపోయి పదకొండో చుట్టు కూడా కొట్టేవారు.

పార్కు నగరపాలక సంస్థది. మేం అందులో కాపురం ఉండేవాళ్ళం, అంతే. జనం కూర్చునే మెట్ల వెనకాల రెండు గదుల క్వార్టరు, దాని ముందు వరండా. వరండాలో కుడివైపు మాది, ఎడమవైపు నగరానిది. కుడివైపు నీళ్ళ బిందెలు, ఆరేసిన బట్టలు, నా ఆడపడుచు పరుగు బూట్లు. ఎడమవైపు సున్నం బస్తాలు, చిరిగిన వాలీబాల్ నెట్లు, గడ్డి కోసే యంత్రం, గోడ మేకుకి చుట్ట చుట్టి తగిలించిన ఇనుప తీగ. చుట్టాలొస్తే సున్నం బస్తాల మీదే కూర్చునేవారు. లేచి వెళ్ళేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో వెనకనుంచి చూస్తేనే తెలిసిపోయేది.

మామయ్య, అంటే మా ఆయన తండ్రి, ఆ మైదానం చూసుకునే మనిషి. నడకకి వచ్చేవాళ్ళు ఆయన్ని గీతల తాత అనేవారు. పరుగు బాట మట్టిది కావడంతో వానొస్తే గీతలు కొట్టుకుపోయేవి, ఎండొస్తే దుమ్ములో కలిసిపోయేవి. అందుకని ఏడాది పొడుగునా గీసిందే గీయడం ఆయన ఉద్యోగం. మైదానం రెండు కొసల్లో సిమెంటులో దిగేసిన రెండు ఇనుప మేకులున్నాయి. తీగ చివరి ఉంగరాన్ని మేకుకి తగిలించి, రెండో చివర కట్టిన పదునైన చువ్వని పట్టుకుని, తీగ సడలకుండా లాగుతూ నడుచుకుపోతే నేలమీద సగం చందమామ పడుతుంది. అటొకటి, ఇటొకటి. వాటి కొసల్ని పురికొసతో కలిపితే రెండు తిన్నని దారులు. గీతల మీద సున్నం పోస్తే చుట్టు తయారు. "నా తీగ నాలుగొందల మీటర్లని కంటుంది. వెంట్రుకంత తేడా రాదు" అనేవారు మామయ్య. ఆ మాట మీద ఎవరైనా అనుమానంగా చూస్తే వాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇచ్చేవారు కాదు.

పిట్ట నా ఆడపడుచు. అత్తయ్య పోయేనాటికి పాలుతాగే పిల్ల, నేను కాపురానికి వచ్చేనాటికి వరండాలో ఒక చోట నిలబడి అన్నం తినలేని పిల్ల. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేది, అంటే మా నేల మీద సరిగ్గా రెండు చుట్లు. ఆ వేసవికి దానికి పద్దెనిమిది నిండబోతున్నాయి. నిండేలోగా రెండు నిమిషాల పదిహేను సెకన్లలోపు పరిగెత్తి చూపిస్తే రాష్ట్ర క్రీడా కేంద్రంలో సీటు. ఉండడం, చదువు, తిండి, బూట్లు అన్నీ వాళ్ళవే. నిండాక గేటు మూసేస్తారు. ఎంపిక వేసవి చివర్లో ఒక్కసారే. అది తప్పితే బట్టల షాపులో కౌంటరు ఉద్యోగానికి మా ఆయన అప్పటికే మాట్లాడి ఉంచారు.

వానల ముందు పిట్టకి రెండు నిమిషాల పంతొమ్మిది పట్టేది. వానలు వెలిశాక నగరం వాళ్ళు లారీలతో కొత్త ఎర్రమట్టి తోలి, రోలరు తిప్పించి, పాత గీతల ఆనవాలు లేకుండా చేశారు. మామయ్య మొదటినుంచీ గీశారు. ఆ కొత్త నేల మీద పిట్ట మొదటి వారంలోనే రెండు పదహారుకి వచ్చింది. వేసవి మొదలయ్యేసరికి రెండు పద్నాలుగు. ఇల్లంతా ఎవరికి వారే ఘనత పంచుకున్నాం. రోజూ పొద్దున తాను తెచ్చే కోడిగుడ్ల మహిమ అన్నారు మా ఆయన. ఆయన నగరపు నీళ్ళ పంపు దగ్గర ఆపరేటరు, డ్యూటీ దిగి వస్తూ తెచ్చేవారు. శిక్షణ అన్నారు విజిల్ మాస్టారు. ఆయన పార్కులో పిల్లలకి పరుగు నేర్పేవారు, మాట్లాడేటప్పుడు కూడా విజిల్ నోట్లోంచి తీసేవారు కాదు. మట్టి మంచిది అన్నారు మామయ్య. తెల్లారగట్ల లేపి తరిమేది నేను కదా అని నేననుకున్నాను. పిట్ట మాత్రం బూట్లు కడుక్కుని ఎండలో పెట్టుకుంది.

ఎంపిక మా పార్కులోనే జరుగుతుందని తెలిసిన రోజు మామయ్య సున్నం బస్తాలన్నీ దింపి, మళ్ళీ ఎత్తి పేర్చారు. ఎందుకని అడిగితే "ఊరికే" అన్నారు.

పది రోజుల ముందు క్రీడల ఆఫీసు నుంచి ఒక మేడమ్ చూడడానికొచ్చింది. చేతిలో ఫైలు, నెత్తిమీద గొడుగు. చుట్టూ ఒకసారి నడిచి, మెట్ల దగ్గర ఆగింది.

"ఇది నాలుగు వందలేనా?"

"నాలుగొందలే" అన్నారు మామయ్య.

"కొలిచిన కాగితం ఉందా?"

"ఉందమ్మా. మేకులు పాతినప్పుడు ఇంజనీరు ఇచ్చింది. పెట్టెలో ఉంటుంది."

"ఎంపిక రోజు తెచ్చి చూపించండి. మిగతాది మీ మాట మీద రాసుకుంటున్నాను" అని ఫైలులో ఏదో రాసుకుంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మీ అమ్మాయి కూడా పరిగెత్తుతోందట కదా?" అంది.

"పరిగెత్తుతుంది" అన్నారు మామయ్య. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఆవిడ గేటు దాటాక మాత్రం "మీ మాట మీద అంది, విన్నావా అమ్మాయ్?" అని నావైపు తిరిగారు. ఆయన మొహం అంతగా విప్పారడం అంతకుముందు నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే కొత్త గీతలకి దిగారు. మోకాలు పట్టేయడంతో నన్ను పిలిచి మేకు దగ్గర కూర్చోబెట్టారు. "ఉంగరం జారకుండా పట్టుకో. నువ్వు డిగ్రీ చదివినదానివి, ఈమాత్రం చేయగలవు" అన్నారు. ఆయన హాస్యం ఆ మోతాదులోనే ఉండేది. తీగ లాక్కుంటూ దూరమవుతున్నారు. నేను ఉంగరాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఊరికే కూర్చోవడంతో చూపు ఉంగరం మీద పడింది.

ఆ ఉంగరం నేను చేసింది.

వానల్లో మూడు వారాలు బట్టలు ఆరలేదు. వరండాలో తాడు చాలక, నగరంవైపు మేకుకున్న తీగని విప్పి కొంతమేర ఇటూ అటూ కట్టాను. తడిసిన దుప్పట్ల బరువుకి ఒక రోజు పుటుక్కుమంది. చూస్తే ఉంగరం దగ్గర తుప్పు పట్టి తెగింది. తుప్పు పట్టిన ముక్క ఒక రెండు మూరలుంటుంది, పారేశాను. మిగిలిన కొసని మెలితిప్పి కొత్త ఉంగరం చేసి, చుట్ట చుట్టి, ఏమీ ఎరగనట్టు మేకుకి తగిలించాను. ఇనుప సామాను కదా, బాగు చేశాననే అనుకున్నాను. ఆ తీగకి ఒక పొడుగుంటుందని, ఆ పొడుగే మామయ్య ముప్పై ఏళ్ళ మాట అని నాకు తట్టలేదు. నా డిగ్రీ లెక్కల్లోనే.

మేకు దగ్గర కూర్చుని, అక్కడి దుమ్ములో వేలితో లెక్క వేశాను. రెండు మూరలంటే మీటరుకి అటూ ఇటూ. దాన్ని రెట్టించి మూడుంపావుకి కొంచెం తక్కువతో గుణిస్తే ఆరు మీటర్ల పైచిలుకు. చుట్టుకి ఆరు తక్కువ, రెండు చుట్లకి పన్నెండున్నర. పిట్ట కాళ్ళకి పన్నెండున్నర మీటర్లంటే రెండు సెకన్లు. పద్నాలుగుకి రెండు కలిపితే పదహారు. లెక్చరర్ గారి మోకాళ్ళ సంగతి కూడా ఆ దుమ్ములోనే తేలిపోయింది.

అరచేత్తో చెరిపేశాను. "పట్టుకున్నావా?" అని మామయ్య అటువైపు నుంచి కేకేశారు. "పట్టుకున్నా" అన్నాను.

మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పాను. పిట్ట లోపలి గదిలో నిద్రపోతోంది. ఆయన నమలడం ఆపారు.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే."

"నాకూ చెప్పలేదనుకో."

"అది కాదండీ, నేల పొట్టిగా ఉంటే…"

"పొట్టిగా ఉంటే అందరికీ పొట్టే కదా! మా చెల్లెలొక్కదానికే ముడిచిపెట్టావా ఏంటి? పదకొండు మంది పిల్లలొస్తారట. పదకొండు మందికీ మేలు చేశావనుకో."

"తీరా అక్కడికెళ్ళాక అసలు నేల మీద పరిగెత్తిస్తే?"

"మూడు నెలలు కడుపునిండా తిండి పెట్టి, మంచి బూట్లు తొడిగితే ఆ రెండు సెకన్లు వాళ్ళే రాబడతారు. మనకి గడప దాటడమే కావాలి. నువ్వు నోటికి కుట్టు వేసుకో." మజ్జిగ పోసుకుంటూ మళ్ళీ అన్నారు: "ఆ లెక్కలేవో దుప్పట్లు ఆరేసే రోజు వచ్చుంటే బాగుండేది."

నేను నోటికి కుట్టు వేసుకున్నాను. పెద్ద కష్టమేమీ అనిపించలేదు. ఆయన చెప్పింది నాకూ సబబుగానే తోచింది. తప్పు నాది, మాటేమో మామయ్యది, సీటు పిట్టది. ముగ్గురికీ కలిసొచ్చే దారి మౌనమే అయినప్పుడు మాట్లాడడం దేనికి? వారం రోజులు పిట్ట ఆ గీతల మధ్యే పరిగెత్తింది. విజిల్ మాస్టారు ప్రతి పొద్దునా "పద్నాలుగు! పద్నాలుగు!" అని విజిల్ సందుల్లోంచి అరిచేవారు. నేను కుళాయి దగ్గర బిందె నింపుకుంటూ వినేదాన్ని. ఆ సంఖ్య వింటే మొదటి రెండు రోజులు బిందె సగంలోనే ఎత్తుకుని వచ్చేశాను. మూడో రోజుకి అలవాటయింది.

ఎంపిక ముందురోజు మాస్టారు పిట్టకి విశ్రాంతి ఇచ్చారు. మామయ్య నన్ను పిలవలేదు. "ఇవాళ నాకు సాయం అక్కర్లేదు. దాన్ని పడుకోబెట్టు" అని ఒక్కరే వెళ్ళారు. మిట్టమధ్యాహ్నానికి కూడా తిరిగి రాకపోతే చెంబుతో నీళ్ళు తీసుకుని వెళ్ళాను. మైదానంలో పిట్టపురుగు లేదు. పాత సున్నం గీతలన్నీ నీళ్ళు చల్లి, చీపురుతో ఊడ్చేసి ఉన్నాయి. మామయ్య చందమామ మలుపులో చువ్వ పట్టుకుని ఉన్నారు. ఆయన పాదాల దగ్గర పడుతున్న కొత్త గీత, ఊడ్చిన గీత తాలూకు తెల్లటి మరకకి అవతలగా ఉంది. సుమారు రెండు మూరలు.

మేకు దగ్గరకి చూశాను. ఉంగరానికీ పాత తీగకీ మధ్య కొత్త తీగ ముక్క ఎండకి తళతళలాడుతోంది.

చెంబు అందించాను. తాగి, మిగిలిన నీళ్ళు మొహాన చల్లుకున్నారు.

"ఎప్పుడు చూశారు మామయ్యా?"

"మొన్న. మేడమ్ కాగితం అడిగింది కదా, పెట్టె అడుగునుంచి తీశాను. మేకు నుంచి గీతకి ముప్పై ఆరున్నర అని రాసుంది. ఇన్నేళ్ళలో ఎన్నడూ తోచలేదు, మొన్న ఎందుకో టేపు పెట్టి చూద్దామనిపించింది. బయట రోడ్డు పనివాళ్ళని అడిగి తెచ్చాను." చువ్వకి అంటిన మట్టిని వేళ్ళతో తుడిచారు. "నీకెప్పుడు తెలిసింది?"

నాకు తెలుసని ఆయనకెలా తెలుసో అడగబుద్ధి కాలేదు. "వారమయింది" అన్నాను.

"వారమా!" అన్నారు. కోపం లేదు. వయసెంత అని అడిగితే ఎవరో చెప్పిన సంఖ్య విన్నట్టు అన్నారు. "మెలిక చూసి పోల్చుకున్నాను. నేను తిప్పితే ఎడమకి పడుతుంది. ఇది కుడికుంది."

"వానల్లో బట్టలు ఆరడం లేదని…"

"ఆరాయా మరి?"

"లేదు మామయ్యా."

ఆయన తల ఊపి, మళ్ళీ చువ్వ అందుకున్నారు. నేను కదల్లేదు. ఆ పొట్టి చుట్టులో ఒక్క పొద్దు, ఒక్కటంటే ఒక్క పొద్దు గడిస్తే చాలు. అదే ఆయన్ని అడిగాను. "రేపు సాయంత్రం సరిచేసుకోవచ్చుగా మామయ్యా? ఒక్కరోజు. ఎవరికీ తెలియదు. అందరికీ అదే నేల కదా."

"మా వాడు చెప్పాడా ఆ మాట?"

నేను ఖాళీ చెంబు అందుకున్నాను.

"ఆవిడ అడిగింది, నాలుగొందలేనా అని. అవునన్నాను" అన్నారు. తీగ లాగి, రెండడుగులు వేసి ఆగారు. "పిట్టకి చెప్పకు. చెబితే ఇవాళ తిండి తినదు, కళ్ళు మూయదు. తెలియకపోతే దాని పరుగు అది పరిగెత్తుతుంది."

ఆ మాటకి కూడా నేను తల ఊపాను. వారం రోజుల్లో ఇది రెండోసారి. మొదటిసారి సీటు దక్కుతుందని, రెండోసారి నిద్ర పడుతుందని. తిరిగి వెళ్ళేసరికి పిట్ట వరండాలో కాళ్ళు చాపుకుని గోళ్ళు తీసుకుంటోంది. "నాన్న భోజనానికి రాడా వదినా?" అంది. "గీతలు బాగా రావాలట" అన్నాను.

ఎంపిక పొద్దున మెట్ల నిండా జనం. పిల్లలు పదకొండు మంది, వాళ్ళకి అక్కలు, మేనమామలు, బూట్లు మోసేవాళ్ళు, సలహాలు మోసేవాళ్ళు. మేడమ్ బల్ల వేయించుకుని కూర్చుంది. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, మడతలు చిరుగుతున్న పాత కాగితం తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ చూసి, కాగితం ఎగరకుండా బరువు పెట్టి, ఫైలులో ఒక సంతకం చేసింది. కొత్త సున్నం గీతలు ఎండలో కళ్ళకి గుచ్చుకుంటున్నాయి. లెక్చరర్ గారు తన నడక మానుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. "మనమ్మాయి కొట్టేస్తుంది" అన్నారు. మా ఆయన డ్యూటీకి సెలవు పెట్టి వచ్చి, నావైపు చూసి కళ్ళతోనే నవ్వారు. ఆయనకి నేను గీతల సంగతి చెప్పలేదు.

పిట్టకి మాస్టారు చెప్పిన లెక్క ఒకటే. మొదటి చుట్టు అరవై ఆరులో రావాలి, రెండోది ప్రాణం ఉన్నంత. తుపాకీ పేలింది. పిట్ట మొదటి మలుపులోనే ముందుకొచ్చింది. మాకెవరికీ కొత్తగా ఏమీ కనిపించలేదు. భుజాలు ఊగకుండా, పెదాలు బిగించి, రోజూ పరిగెత్తేదే. చుట్టు పూర్తవుతుంటే మాస్టారు మొదటిసారి విజిల్ ఉమ్మేసి అరిచారు.

"అరవై ఏడు! ఏడు! పిట్టా, ఆలస్యం!"

పరిగెత్తే మనిషి మొహంలో అంత స్పష్టంగా ఒక మాట కనిపిస్తుందని నేననుకోలేదు. పిట్ట మాస్టారి వైపు చూసింది, నమ్మలేనట్టు. తర్వాత తల దించుకుని వేగం పెంచింది. ఇంకా చాలా దూరం ఉండగా పెంచింది. అటువైపు తిన్నని దారిలో దానికీ మిగతా వాళ్ళకీ మధ్య పది గజాలు, మలుపులో పదిహేను. చివరి దారిలోకి వచ్చేసరికి కాళ్ళు బరువెక్కాయి. మోకాళ్ళు లేవడం లేదు. భుజాలు ఊగడం మొదలయింది. నా పక్కన లెక్చరర్ గారు లేచి నిలబడి "రా తల్లీ, రా" అంటూ ఉన్నారు. అందరికన్నా ముందే గీత దాటింది. దాటి, నాలుగడుగులు వేసి, చేతులు నేలకి ఆనించి వంగిపోయింది.

మేడమ్ బల్ల దగ్గర ముగ్గురు గడియారాలు పోల్చుకున్నారు. రెండు నిమిషాల పదిహేను సెకన్ల మీద నాలుగు పదోవంతులు.

పదకొండు మందిలో ఎవరికీ సీటు రాలేదు.

మామయ్య బల్ల దగ్గరికి వెళ్ళి తన కాగితం తిరిగి తీసుకున్నారు. మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నారు. పిట్ట దగ్గరికి వెళ్ళలేదు. సున్నం డబ్బా ఎండలో ఉందని నీడకి జరిపారు.

ఇంటికొచ్చాక మా ఆయన నన్ను లోపలి గదిలోకి పిలిచారు. గొంతు తగ్గించి, "పొట్టి నేల మీదే ఇంత పట్టిందంటే ఇంకేం పనికొస్తుంది? నాకప్పుడే తెలుసు. సోమవారం షాపుకి తీసుకెళ్తాను" అన్నారు. నేను ఆయన్ని సరిదిద్దలేదు. సరిదిద్దితే ఆయన బయటికెళ్ళి తండ్రితో ఏమనేవారో తెలుసు.

మూడు రోజులు పిట్ట ఇంట్లోనే ఉంది. ఏడవలేదు. కోడిగుడ్లు తినలేదు. మాస్టారు వచ్చి వరండాలో నిలబడి, "ఆ రోజు దీనికి ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని నన్నడిగి వెళ్ళారు. నాలుగో రోజు నేను బట్టలు మడతపెడుతుంటే అది బూట్లు తెచ్చి, తుడిచి, లేసులు విప్పి, ఒక సంచిలో పెట్టింది.

"అవెందుకు?"

"కుళాయి పక్కన పరిగెత్తే చిన్నపిల్ల ఉందిగా, దాని పాదం నా సైజే. ఇచ్చేస్తాను."

"నువ్వు?"

"నా వల్ల కాదు వదినా. కాళ్ళు బాగానే ఉన్నాయి, ఊపిరి బాగానే ఉంది, అయినా రాలేదు. అంటే అంతేగా. ఉన్నదే అంత."

చేతిలో మా ఆయన చొక్కా ఉంది. చేతులు మడవాలి, కాలరు సరిచేయాలి. అవి చేస్తూనే చెప్పాను. వానలు, దుప్పట్లు, తుప్పు, ఉంగరం, మామయ్య సరిచేసిన గీతలు, దానికి చెప్పొద్దన్న మాట. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా అందంగా చెప్పలేదు. చొక్కా మడత పూర్తయ్యేసరికి మాటా పూర్తయింది.

పిట్ట నావైపు చూడలేదు. "ఎంత తెగింది?" అంది.

"రెండు మూరలు."

"మూరలు కాదు. మీటర్లలో చెప్పు."

చెప్పాను. చుట్టుకెంత, రెండు చుట్లకెంత కూడా చెప్పాను. అది గోడకి ఆనుకుని, వేళ్ళు మడుస్తూ లెక్క చూసుకుంది. మళ్ళీ మొదటినుంచి చూసుకుంది.

"అంటే నేను పద్నాలుగు పరిగెత్తాననుకున్న రోజున పరిగెత్తింది పదహారు."

"ఊఁ."

"మొన్న నాన్న సరిచేసిన నేల మీద… పదిహేను మీద నాలుగు."

"అవును."

బయట గడ్డి యంత్రం చప్పుడు దగ్గరికి వచ్చి దూరంగా పోయింది. "అంటే, అంత వేగంగా నేనెప్పుడూ పరిగెత్తలేదన్నమాట వదినా" అంది. నవ్వబోయినట్టే ఉంది. అంతలోనే మొహం మారిపోయింది. "మాస్టారు ఆలస్యం అనగానే నా కాళ్ళలో ప్రాణం పోయింది. ఆలస్యం కాదని తెలిసుంటే నేను అక్కడ…"

ఆ మాట అది పూర్తి చేయలేదు. ఆ తర్వాత ఎప్పుడూ కూడా చేయలేదు.

"నువ్వు తీగ తెంపావని కాదు నా బాధ" అని లేచింది. బూట్ల సంచిని మంచం కిందకి తోసింది. ఎవరికీ ఇవ్వలేదు.

సోమవారం షాపుకి వెళ్ళింది. పది గంటల నుంచి చీరలు విప్పడం, మడవడం. తెల్లవారగట్ల మాత్రం నేను లేపకుండానే లేచి వెళ్ళి పరిగెత్తేది. మాస్టారి కేకలు వినేది కాదు. తన చేతికి తానే ఒక గడియారం కొనుక్కుంది. వాళ్ళ నాన్నతో మాట మానేసింది. కంచం ముందు "ఉప్పు" అని కూడా నన్నే అడిగేది, డబ్బా ఆయన మోచేతి దగ్గరున్నా. ఆయన డబ్బా జరిపేవారు. అది నేను అందించేదాకా ఆగేది. గీతలు సరిచేసిన సంగతి పిట్ట చెప్పడంతో మా ఆయన రెండు రోజులు తండ్రిమీద చిందులు తొక్కారు. మూడో రోజు నీళ్ళ పైపు ఎక్కడో పగిలి డ్యూటీకి పోయారు. తీగ తెంపింది ఎవరని మాస్టారు వచ్చి అడిగితే మామయ్య "తుప్పు" అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

లెక్చరర్ గారికి మళ్ళీ యాభై నిమిషాలు పట్టడం మొదలైంది. వేడి ఎక్కువైంది అని సర్దుకున్నారు.

మూడు వారాలు గడిచాయి. ఎండలు తగ్గుముఖం పట్టాయి. ఒక ఆదివారం, షాపుకి సెలవు. పిట్ట బయటికెళ్ళి రోడ్డు పనివాళ్ళ దగ్గర పెద్ద టేపు అడిగి తెచ్చింది. మామయ్య మెట్ల మీద కూర్చుని నెట్టుకి ముళ్ళు వేస్తున్నారు. ఆయన ముందు నిలబడి, టేపు కొసని చాపింది.

"ఆ చివర పట్టుకో."

నాన్నా అనలేదు. ఆయన నెట్టు పక్కన పెట్టి లేచారు.

మొదట తిన్నని దారి కొలిచారు. తర్వాత మలుపులు. మలుపులో టేపు గీత మీదుగా వంగదు కాబట్టి అరగజానికొక మేకు గుచ్చుకుంటూ పోవాలి. ఆయన మోకాలు ఆనించి గుచ్చుతుంటే అది టేపుని మేకుల పక్కనుంచి సర్దుకుంటూ వచ్చింది. ప్రతి టేపు కొసకీ ఒక రాయి పెట్టి, అంకె అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. పది చుట్లకి వచ్చిన లెక్చరర్ గారిని "పక్కనించి వెళ్ళండి సార్" అని గడ్డిలోకి పంపింది. ఆయన గడ్డిలో నిలబడిపోయి చూస్తూ ఉన్నారు. నేను వరండాలో కూరగాయలు తరుగుతున్నాను. తరిగింది తక్కువ.

రెండో మలుపు చివర, మొదలుపెట్టిన గీత దగ్గరే, చివరి అంకె రాసుకుని అది అరచేతి మీది అంకెలన్నీ కూడింది. మామయ్య టేపు రెండో కొస పట్టుకుని, పాతిక గజాల అవతల, నిలబడి ఉన్నారు. ఎంత అని అడగలేదు.

"నాలుగు వందల మీటర్ల పది సెంటీమీటర్లు" అని పిట్ట గట్టిగా చెప్పింది.

"పది ఎక్కువా?" అన్నారు. టేపు కొస ఆయన చేతిలో వదులైంది. పెదాలు కదిలాయి. చుట్టుకి పది, రెండు చుట్లకి ఇరవై, ఆ ఇరవైకి పిట్ట కాళ్ళకెంత… నేను వరండాలోంచి ఆయన లెక్క చూడగలుగుతున్నాను. ఆయనకి తేలేలా లేదు.

పిట్ట కాసేపు ఆయన్ని అలా లెక్క చూసుకోనిచ్చింది.

"దానికేం కాదులే నాన్నా" అంది. "నేను తప్పింది అంతకన్నా ఎక్కువే."

అని, టేపు చుట్టుకుంటూ ఆయన వైపు నడిచింది.